ఏడు సెకన్లు ముందు

మాడ్రిడ్. మే నెలాఖరు ఆదివారం, మధ్యాహ్నం. గెలిచిన కప్పులతో ఫుట్‌బాల్ జట్టు బస్సు ఊరేగే వీధి మీద నాలుగో అంతస్తు.

“బాల్కనీ తలుపు వేసెయ్, కసిల్డా.”

“బస్సొస్తోంది, ఫెర్మీన్ బావా! లీగు కప్పూ, రాజుగారి కప్పూ రెండూ పైనే పెట్టారు. అక్కుంటే ఈపాటికి కండువా ఊపుతూ...”

“మీ అక్క లేదు. తలుపు వెయ్.”

“వేశాలే. అక్క గదిలో రేడియో మోగుతోంది. కట్టెయ్యనా?”

“ముట్టుకోకు.”

“ఆవిడ పోయి మూడు వారాలైంది బావా.”

“ముట్టుకోవద్దన్నానా!”

“సరే, సరే. ఒక్కటి చెప్పు. అక్క నిద్రలోనే పోయిందన్నావు.”

“అన్నాను.”

“కింది వాటా విసిటాసియోన్...”

“ఆ ముసల్దానికి పక్కవాళ్ళ గోడలే టీవీ.”

“కేక విందట. అక్క పోయిన రోజు, యూరప్ సెమీఫైనల్ నడుస్తుండగా. అక్క గొంతేనంది.”

“ఆ రోజు ఊరు ఊరంతా అరిచింది. జనవరిలో సూపర్ కప్పు ఒక్క గోలు తేడాతో పోయింది, అప్పుడూ అరిచారు. లీగు ఒక్క పాయింటుతో వచ్చింది, అప్పుడూ...”

“నాకు లెక్కలొద్దు. నా తోడబుట్టింది ఎలా పోయిందో కావాలి. నువ్వెక్కడున్నావు?”

“ఇక్కడే. టీవీ ముందు.”

“అక్క?”

“మంచం మీద. రేడియోతో. తెర చూస్తే గుండెదడ అనేది.”

“అదీ ఒక జబ్బేనా అని ఎగతాళి చేసేవాడివి.”

“చేశాను. టీవీ కంటే రేడియోలో ఏడు సెకన్లు ముందొస్తుంది, కసిల్డా. నా తెర మీద బంతి ఇంకా మధ్య గీత దాటదు, లోపల్నుంచి ఆవిడ ‘గోల్!’ అని అరిచేది. ఏడాదంతా నా ఆట చెడగొట్టింది.”

“నవ్వుకునేవారు కదా ఇద్దరూ.”

“ఆవిడ నవ్వేది. నేను తిట్టేవాణ్ణి. ఆ రోజు ముందే చెప్పాను. నోరు లేచిందంటే రేడియో వీధిలోకి విసిరేస్తానని. నోటికి దిండు అడ్డం పెట్టుకుంటాలే అంది.”

“పెట్టుకుందా?”

“ఎనభై ఎనిమిదో నిమిషం దాకా.”

“అప్పుడు?”

“మనకి కార్నర్. ఒక్క గోలు పడితే ఫైనల్. తెర మీద మనవాడింకా మూల జెండా దగ్గర బంతి సర్దుకుంటున్నాడు. లోపల్నుంచి కేక.”

“బావా...”

“దిండు కూడా ఆపలేకపోయిందంటే గోలే అనుకున్నా. లేచి నిలబడ్డాను. చేతులెత్తి ఏడూ లెక్కపెట్టాను.”

“గదిలోకి పోలేదా?”

“ఏడు సెకన్లే కదా అనుకున్నా.”

“ఏడైపోయాక?”

“బంతి గోలు పైనుంచి పోయింది. ‘ఏదే నీ గోలు?’ అని ఇక్కడ్నుంచే కసిరాను.”

“ఏమంది?”

“ఏమీ అనలేదు. అలిగిందనుకున్నా. అదనపు అరగంటా చూశాను. పెనాల్టీలూ చూశాను. మనవాళ్ళ ఆఖరిది గోలు స్తంభానికి తగిలింది, ఓడిపోయాం. అప్పుడు వెళ్ళాను, నీ నోటి చలవేనని తిడదామని.”

“దేవుడా! పోనీలే... నీకేం తెలుసు బావా. గోలనుకున్నావు. ఎవరైనా అలాగే అనుకుంటారు.”

“ఓదార్చకు.”

“కేకలన్నీ ఒకలాగే ఉంటాయి. గోడ అవతల్నుంచి మాట సరిగ్గా వినపడి ఉండదు.”

“వినపడింది.”

“ఏమని అరిచింది?”

“ఫెర్మీన్ అని.”