కంది సంచుల కూడిక

నారాయణఖేడ్ కంప్యూటర్ సెంటర్లో నేర్చుకునేవాళ్లలో ఒక్కరినే టీచరుగా పెట్టుకుంటానన్నాడు సారు. నర్మదకు ఆ పని మీద ప్రాణం. సారు నోట మాత్రం ఎప్పుడూ శైలశ్రీ పేరే! ఆ శైలశ్రీయే వచ్చి పక్కన కూర్చుంది.

“అక్కా, పొద్దటిసంది పరేషాన్ అయితున్న. పన్నెండు కంది సంచులకు ఎనిమిది కలుపుమంటే నూటిరవై ఎనిమిది అంటుంది గీ జావాస్క్రిప్ట్.”

“మస్తు పంట పండింది పో.”

“నవ్వకు అక్కా. నీకు తెల్వదా?”

ఎందుకు తెలియదు? తెర మీది డబ్బాలో కొట్టిన అంకెలను అక్షరాలనుకుని, కలపకుండా పక్కపక్కన అతికిస్తుందది. ఆ ముక్క పట్టుకోవడానికి నర్మద మూడు రోజులు ఏడ్చింది.

“నాకేం తెల్సు? సారును అడుగు. నువ్వంటే ముద్దు గదా ఆయనకు.”

“అడిగిన. ‘నర్మదను అడుగు, తప్పులు పట్టుడు నాకన్న ఆమెకే బాగొస్తది’ అన్నడు.”

“ఏమన్నడు?”

“నీకే బాగొస్తదంట.”

“మల్లొక్కసారి చెప్పు.”

“అబ్బా, నీకే అక్కా!”

నర్మద కీబోర్డు తన ముందుకు లాక్కుంది.

“జరుగు. డబ్బాలకెళ్లి వచ్చిన దాన్ని ముందుగాల నంబర్ చేయాలె, అటెంక కలపాలె. గిట్ల. ఇగో, ఇరవై వచ్చింది. అవునే, సారు గా మాట అన్నప్పుడు క్లాసుల ఇంకెవరన్న ఉన్నరా?”