కుందేలు బొమ్మల కవర్లు

ఆషాఢంలో కొత్త కోడలూ అత్తగారూ ఒకే గడప దాటకూడదు కనుక, రాజమండ్రి నుంచి వచ్చిన రాజరాజేశ్వరి రావులపాలెంలో వియ్యంకుడి ఇంటి గేటు బయట గొడుగు పట్టుకుని నిలబడింది. గేటు లోపల పావని.

“పోనీ కుర్చీ అయినా బయట వేయిస్తానండి అత్తయ్యగారూ. అలా రోడ్డు మీద నిలబడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారండి?”

“ఆషాఢం అనుకుంటారు. మీ అమ్మ లేదా?”

“గుడికెళ్ళిందండి. కాఫీ తెమ్మంటారా? గేటు మీంచి అందిస్తాను.”

“కాఫీ తర్వాత. ముందు ఇది చెప్పు. మా భాస్కర్‌కి తెల్లకాగితాలు ఎందుకు పంపుతున్నావు?”

“తెల్లకాగితాలా?”

“తెల్లవే. కవరు చూస్తే పెళ్ళిపందిరి. కుందేళ్ళు, పుట్టగొడుగులు, గొడుగేసుకున్న కప్ప. విప్పితే లోపల ఒక్క అక్షరం లేదు. ఒకసారంటే పొరపాటు అనుకోవచ్చు. వచ్చిన ప్రతి కవరూ అంతేనాయె.”

“నేను రాశానండి! వేళ్ళు నొప్పెట్టేలా రాశాను. తెల్లకాగితం పంపింది ఆయనే. మీ స్టీలు కొట్టు బిల్లుల కవర్లో పెట్టి మరీ పంపారు. అది చూసి రెండు రోజులు అన్నం తినలేదు నేను.”

“రెండు రోజులే!”

“రెండు... పూటలండి. రెండో పూట అట్టు తిన్నాను.”

“వాడూ అలాగే ఉన్నాడు. నీ కాగితాలు ట్యూబులైటు దగ్గర పెట్టి చూశాడు. నీళ్ళు చల్లి చూశాడు. ఆఖరికి, ‘ఇది జపాన్ పద్ధతేమోనమ్మా, వాళ్ళు ఏమీ అనకుండా ప్రేమిస్తారేమో, నేనూ అలాగే జవాబిస్తాను’ అన్నాడు.”

“అయ్యో! ఇప్పుడేమంటున్నారండి మరి?”

“పావనికి నాతో చెప్పడానికి ఏమీ లేదమ్మా అని దిగులు. గిన్నెలు కొనడానికొచ్చిన వాళ్ళకి మూతలివ్వడం మర్చిపోతున్నాడు. ఫోన్ చేసి అడగరా అంటే చెయ్యనంటాడు.”

“నేనే వద్దన్నానండి.”

“నువ్వా? ఎందుకూ?”

“ఆషాఢం వెళ్ళేదాకా ఫోన్లు వద్దు, ఉత్తరాలే రాసుకుందాం అని ఒట్టు వేయించుకున్నాను. నా దగ్గర ఇంత సామాను ఉంది కదండీ. వాడడానికి ఏదో ఒక వంక కావాలి కదా.”

“ఏం సామాను?”

“జపాన్ సామానండి. బొమ్మల టేపులు, స్టిక్కర్లు, పిల్లి పాదం లాంటి క్లిప్పులు, ఉల్లిపొరలాంటి కాగితాలు. పెళ్ళికి ఏం కావాలే అని ఫ్రెండ్స్ అడిగితే ఇవే కావాలన్నాను. మా నాన్న చూసి, నిన్ను ఎంబీయే చదివించింది ఇందుకా అన్నారు.”

“టేపు ఉన్నది అంటించడానికేగా?”

“అంటిస్తే అయిపోతుంది కదండీ! ఊరికే చూసుకోడానికి. అంగుళం ముక్క చింపాలన్నా నాకు ప్రాణం పోయినట్టుంటుంది. అలాంటిది మీ అబ్బాయి కోసం మూరెడు చింపాను. ఇంతకన్నా ప్రేమ ఉంటుందాండి ఎక్కడైనా?”

“కవరు లోపల ఏదో ఎర్రకాగితం అంటించావు. ఎక్కడో చూసినట్టుంది.”

“అదాండి... మన శుభలేఖలు. మిగిలినవేనండి! మీ పేరూ మావయ్యగారి పేరూ కత్తెర పడకుండా జాగ్రత్తగా మడతలోకి పెట్టాను.”

“సంతోషం. మరి రాసిన రాత ఏమైంది తల్లీ? దార్లో ఎలకలు తిన్నాయా?”

“అప్పాజీకే ఇచ్చానండి. నాన్నగారి అరటిగెలల వ్యాను మీ ఊరు వస్తుంది కదా, అది తోలే అతను. భద్రం అని మరీ మరీ చెప్పాను. ‘వానకి తడవకుండా నా సీటు పక్కనే, ఇంజిను పైన మూత మీద వెచ్చగా పెడుతున్నానండి పావనమ్మగారూ’ అన్నాడు... అత్తయ్యగారూ!”

“ఏంటే?”

“వెచ్చగా!”

“అయితే ఏంటి?”

“నా పెన్నండి! చెరిపే పెన్ను. వెనక రబ్బరుతో రుద్దితే ఆ వేడికి సిరా మాయమైపోతుంది. ఖరీదైన కాగితం, తప్పు రాస్తే పాడైపోతుందని దాంతో రాశాను. ఇంజిను వేడికి మొత్తం... అయ్యో, అయ్యో! అన్నీ చెరిపించి పంపానండి!”

“చదువుకున్న పిల్లవి.”

“డిస్టింక్షనండి.”

“పోయిన రాత మళ్ళీ రాదా?”

“ఎందుకు రాదండి! బాగా చల్లబడితే వచ్చేస్తుంది. ఫ్రీజర్లో పెట్టి తెల్లారి చూస్తే... తెల్లారి చూస్తే...”

“ఆగిపోయావేం?”

“రాదండి.”

“ఇప్పుడే వస్తుందన్నావు!”

“అది వేరే కంపెనీదండి. నాది రాదు. అస్సలు పెట్టకండి. కాగితం పాడైపోతుంది. ఫ్రిజ్ కూడా పాడైపోతుంది.”

“ఏం రాశావేంటి అందులో?”

“ఏముంటాయండి? వానలు. గెలల రేటు. మీ అబ్బాయి ఆరోగ్యం.”

“నా గురించి?”

“మీ గురించా? మంచే రాశానండి. మంచే... కాస్త సరదాగా. సరదాగా తప్ప రాయడం రాదు కదండీ నాకు, పిచ్చిమొహాన్ని. ఆ కాగితాలన్నీ ఇలా ఇచ్చెయ్యండి, మంచి పెన్నుతో మళ్ళీ...”

“కవర్లు దేంతో అంటించావు?”

“మైదా జిగురుతోనండి. నేనే కాచాను. చేత్తో చేసిన కవరుకి కొన్న గమ్ము రాస్తే ఏం బావుంటుంది?”

“బావుంది. వాడి బీరువా నిండా చీమలు. పారెయ్యనివ్వడు. చీమలైనా చస్తాయని మొన్న అన్నీ తీసి...”

“తీసి?”

“ఫ్రీజర్లో పెట్టాను.”

“అత్తయ్యగారూ...”

“మర్నాడు పొద్దున్న చూద్దును కదా, కాగితాల నిండా అక్షరాలు. ముత్యాల్లా ఉన్నాయి.”

“చదివారా?”

“కళ్ళజోడు పెట్టుకుని.”

“ఆయన?”

“వాడికిచ్చాను. కొట్టుకు పోకుండా మంచం మీద బోర్లా పడుకుని చదువుతున్నాడు. చదివిందే చదివి, తనలో తనే నవ్వుకుంటున్నాడు. ఒట్టు ఉందిగా, లేకపోతే ఈపాటికి నీకు ఫోన్ వచ్చేది.”

“బతికించారండి! అబ్బ! గుండె ఇప్పుడు కొట్టుకుంటోంది... అవునూ, అన్నీ తెలిసీ ఇంతసేపూ నన్నెందుకు అడిగారండి?”

“వచ్చింది మళ్ళీ పోవడం ఎలాగో తెలియాలి కదా! ఒక్క కాగితం మాత్రం వాడికివ్వలేదు. ఇదిగో, పట్టుకో.”

“ఇది... కుక్కరు సంగతి...”

“అదే. షుగరున్న మనిషి పాత కుక్కర్లో పూతరేకులు దాచుకుని, ఎవరూ లేకుండా చూసి తిని, మూతి తుడుచుకుని విష్ణు సహస్రనామం అందుకుంటుందని బొమ్మ వేసి మరీ రాశావు. ఇది మీ మావయ్యగారి కంటపడితే నా గతేంటి? వెళ్ళి ఇస్త్రీపెట్టె వేడిచెయ్యి. పైనున్న ముద్దులు వాడివి, వాటి జోలికి పోకు. కిందవి నావి, అవి చెరుపు. ఆ ఖాళీలో ‘అత్తయ్యగారు ఈ మధ్య స్వీటు ముట్టుకోవడమే లేదు’ అని రాయి. మామూలు పెన్నుతో.”