సంతబజారు రాళ్లు

లిథువేనియాలోని ఆ చిన్న పట్టణపు సంతబజారులో పాత తారు పెళ్లగిస్తే, కింద రంగురంగుల రాళ్లు బయటపడ్డాయి. వాటిని లారీకెత్తుతున్న కూలీని ఒక ముసలావిడ ఆపింది.

“ఆ ఎర్రరాయి వెయ్యకు నాయనా.”

“రాయే కదా మామ్మా!”

“రష్యా జార్ల కాలంలో ఈ బజారు నేల పరచడానికి, సంతకొచ్చే ప్రతి బండీ తన పొలం రాయొకటి తేవాలి. మా ముత్తాత ఓసారి మర్చిపోయి, అమ్మడానికి తెచ్చిన పందిపిల్లలతో సహా వెనక్కెళ్లాడు. ఎర్రవన్నీ మా ఊరు రుద్విలైవి.”

“రుద్విలై ఎక్కడుంది?”

“ఎక్కడా లేదు. సోవియట్లు ఇళ్లు కూల్చి దున్నేశారు. మిగిలింది ఈ రాళ్లే.”

“అమ్మో! అయితే ఈ నల్లవి, తెల్లవి... ఒక్కో రంగూ ఒక్కో ఊరా? ఒరేయ్, లారీ ఆపండ్రా! మామ్మా, ఇన్ని ఊళ్ల మధ్య నేనిప్పుడు కాలెక్కడ పెట్టను?”

“వాటిమీదే పెట్టు. తొక్కుతారనే కదా మావాళ్లు మోసుకొచ్చింది.”