మాస్కు కడిగిన నీళ్లు

మిందోరో దీవి తీరంలో పొద్దున్నే పడవ బయల్దేరబోతోంది. మనీలా నుంచి ఏటా డైవింగ్‌కి వచ్చే ఆమె పడవ అంచున కూర్చుని గైడుని ఎగాదిగా చూసింది.

“అన్నా, నడిసముద్రంలో మునిగిన ఓడ చమురు ఇటు రాలేదనేగా ఫోన్లో చెప్పావు?”

“రాలేదమ్మా. గాలివాటానికి అంతా దక్షిణంగా పోయింది.”

“మరి జాలరి పడవలన్నీ ఒడ్డెక్కి కూర్చున్నాయేం?”

“ఊళ్లో పండగ. వాళ్లకీ ఒక్క రోజు సెలవుండొద్దా?”

“పండగా? బ్యాండు మోతేదీ? పంది కాలుతున్న వాసనేదీ?”

“ఇప్పుడేగా తెల్లారింది! మీ మనీలా వాళ్లకి అన్నీ అనుమానాలే. చూడండి, నీళ్లు అద్దంలా లేవూ?”

“నువ్వూ నాతో దిగుతున్నావుగా?”

“దిగకేం! పదేళ్లుగా మిమ్మల్ని తిప్పుతున్నది ఎవరంట? ఆ మాస్కు ఇటివ్వండి.”

ఆవిరి పట్టకుండా అతను ఎప్పటిలాగే మాస్కు అద్దం మీద ఉమ్మి వేలితో రుద్దాడు. ఈ పదేళ్లూ ఆ ఉమ్మిని పడవ మీంచి వంగి సముద్రంలోనే కడిగేవాడు. ఇవాళ మాత్రం తాగేనీళ్ల సీసా అందుకుని మూత తిప్పాడు.

“మూత పెట్టెయ్ అన్నా,” అందామె. “ఎప్పట్లాగే సముద్రంలో ముంచు, చూద్దాం.”

అతని చెయ్యి నీళ్లవైపు కదల్లేదు.