కమ్లీ వేలిముద్ర

2011 డిసెంబరు. తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె ముగిసి నెల దాటింది. కొత్తగూడ అవతల ఒక తండాలో, కమ్లీ ఇంటి ముందు మంచం మీద సర్కారు దవాఖాన డాక్టరు పద్మలత తనిఖీ ఫారం పట్టుకొని కూర్చుంది.

"మళ్ల అడుగుతున్న కమ్లీ. యుగేందర్ నీ బిడ్డకు సూది ఎక్కడ ఇచ్చిండు?"

"ఆయన ఇంట్లనే. ముంగటి అర్రల."

"అది కాదు. పిల్ల ఒంటి మీద ఎక్కడ?"

"పిర్రకు. అందరికీ ఆడనే ఇస్తడు గద."

"ఇచ్చినంక?"

"ఇచ్చినంక జరం దిగింది."

"జ్వరం దిగింది, సరే. కాలు?"

"కాలా... జర ఈడుస్తది."

"జర కాదు. ఇప్పుడే చూసిన నేను. ఎడమ పాదం పైకి లేస్తలేదు. సూది పోయి నరానికి తగిలింది. ఏడేండ్ల పిల్ల, నీ బిడ్డ గీత నడక చెడిపోయింది. ఆ మాట నువ్వు చెప్పి గీ కాయిదం మీద వేలు పెట్టాలె. అప్పుడే ఆయన దుకాణం మూతపడ్తది."

"కాలు మళ్ల వస్తదా, డాక్టరమ్మ?"

"కొందరికి వస్తది. వరంగల్ల చూపియ్యాలె, రోజూ కాలుకు కసరత్తు చేపియ్యాలె. చీటి రాసిస్త. ముందు గిది కానీ."

"యుగేందరు గూడ రోజూ వచ్చి తైలం రాస్తుండు. రాసుకుంట ఏడుస్తడు."

"ఏడిస్తే నరం అతుకుతదా? ఆయన డాక్టర్ కాదు కమ్లీ. పదో తరగతి చదివి ఎవరి దగ్గరనో కాంపౌండర్ పని చేసిండు."

"ఎరుకే."

"ఎరుకుండి గూడ పిల్లను తీస్కపోయినవా?"

"ఆయన చెయ్యి మంచిదమ్మ. మా ప్రేమ్‌సింగ్‌కు కామెర్లయితే..."

"నీ మొగని సంగతి తర్వాత. సూది మారుస్తడా? ఒకరికి వాడింది ఇంకొకరికి వాడ్తడా?"

"ఉడకవెడ్తడు."

"ఎంతసేపు?"

"చాయ్ మరిగేదాంక."

"నడుమ చాయ్ ఏంది?"

"రెండు పొయ్యిల స్టవ్వు గద. ఒకదాని మీద చాయ్, ఒకదాని మీద సూది. చాయ్ పొంగిందంటే రెండూ దించుతడు."

"రాస్తున్న."

"రాయకు."

"ఎందుకు రాయొద్దు?"

"మాటవరసకు చెప్పిన. రాయకు."

"కమ్లీ, జిల్లా నుంచి రిపోర్టు అడిగిన్రు. నీ వేలిముద్ర లేకుంటే నేను ఎంత రాసినా చెల్లదు. రేపు ఆయన ఇంకో పిల్లకు గిట్లనే పొడుస్తడు. అది నీకు సమ్మతమేనా?"

"ఎట్ల సమ్మతమైతది? అది కాలీడ్సుకుంట వాకిట్లనే తిరుగుతది. బడి మానింది. తోటి పోరగాండ్లు నవ్వుతరని బయటికే పోతలేదు."

"మరి పెట్టు వేలు."

"మా చెల్లె చాందీకి నెలలు నిండినయి."

"చాందీకి, దీనికి ఏం సంబంధం?"

"ఆయనది మూస్తే మా తండాకు ఎవరొస్తరు? వాగు దాటి బండి మీద వచ్చేది ఆయనొక్కడే."

"చాందీని నా దగ్గరికి తీసుకరా. సర్కారు దవాఖాన ఉన్నదే గందుకు. నేనున్న, నర్సు ఉన్నది, మందులున్నయి."

"ఉన్నరు."

"అట్లంటవేంది?"

"ఏమన్లే. ఉన్నరన్న."

"గీతకు జ్వరమొచ్చిన నాడు గూడ నా దగ్గరికే తెస్తే, పిల్ల ఇయ్యాల ఉరుకుతుండె. కోపానికి రాకు, తల్లివి నువ్వే పిల్లను ఆగం చేసినవు."

"అట్లనకు డాక్టరమ్మ."

"అనక ఏం జెయ్యాలె? ఎందుకు తేలేదు?"

"తెచ్చిన."

"ఎప్పుడు?"

"సమ్మెల. దసరా ముందు. బస్సుల్లేవు గద. పొద్దుగాల్ల పిల్లను ఎత్తుకొని బయలెల్లితే పగటీలికి అచ్చిన."

"దవాఖాన లోపలికి వచ్చినవా?"

"అచ్చిన. లోపల ఎవ్వరు లేరు. అందరు టెంటు కింద కూసున్నరని ఊడ్శే ఆమె చెప్పింది. టెంటు కాడికి పోయిన."

"ఆ టెంటు కింద వందమంది ఉండె. టీచర్లు, ఆఫీసులోళ్లు, మేము. మన రాష్ట్రం కోసమే గద కూసున్నం."

"నేను తప్పంటలేను. ప్రేమ్‌సింగు గూడ కూసున్నడు."

"అక్కడ ఎవర్నడిగినవు?"

"ఒకల్ని."

"పేరు చెప్పు. గది గూడ రాస్త. జ్వరంతోని కాలిపోతున్న పిల్లను చూడకుండ పంపినోళ్లెవరో తెల్వాలె."

"ఇడ్సిపెట్టమ్మ."

"ఎట్ల ఇడ్సిపెడ్త? యుగేందర్ కాడికి పొమ్మన్నది గూడ వాళ్లేనా?"

"ఆఁ."

"నర్సు సారమ్మనా?"

"ఆమె కాదు."

"కాంపౌండర్ గణపతా?"

"కాదు."

"మరెవరు? నా కింద పనిచేసేటోళ్లు గంతే."

"నీ కింద పనిచేసేటోళ్లు కాదు."

"మాట తిప్పకు. పేరు చెప్పు."

"అందరు పాట పాడ్తున్నరు. నువ్వు జెండా పక్క మనిషికిచ్చి, పిల్ల నొసటి మీద చెయ్యి పెట్టినవు. వట్టి జరమే, యుగేందర్ కాడికి పో, ఒక్క సూది ఎయ్యుమను, తగ్గుతది అన్నవు. చీటి గూడ రాసిచ్చినవు."

"నేనా?"

"నీకు యాదికి లేదు. గంతమందిల ఎట్లుంటది?"

"గది... గది ఈ ఫారంల అడగరు కమ్లీ."

"గందుకే చెప్పలే."

"ఆ చీటి ఉన్నదా?"

"ఉన్నది. ఎవ్వరికి చూపలే. ప్రేమ్‌సింగుకు గూడ."

"ఎందుకు చూపలే?"

"యుగేందరు మీద ఏలు పెడ్తే మొత్తం చెప్పాలె. మొత్తం చెప్తే నిన్ను గూడ తీసేస్తరు. మీ ఇద్దరు పోయినంక మా చాందీని యాడికి తీస్కపోవాలె, డాక్టరమ్మ?"