చింతపండుతో తోమిన ట్రంపెట్

"పెద్దమ్మా, రేపట్నుంచి నేను పనికెళ్లే మేడం ఇంట్లో అన్నీ గాజు సామాన్లేనంట. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదు. నువ్వెప్పుడైనా ఎవరింట్లోనైనా ఏదైనా పాడు చేశావా?"

చేశానా అని అంత నెమ్మదిగా అడుగుతావేంటే దుర్గా! ఈ దుబాయ్‌లో, మన సత్వా పేటలో నన్నెరిగిన వాళ్లనెవర్నైనా అడుగు, ముందు అదే చెప్తారు. ఇలా కూర్చో. ఆ చిక్కుడుకాయలు ఇటియ్యి, ఈనెలు తీస్తూ చెప్తాను.

మా మార్టిన్ సారు తెలుసు కదా. నీకెలా తెలుస్తుందిలే, నిన్నగాక మొన్నొచ్చావు. ఎనభై దాటినాయన, గోవా మనిషి. ఈ వెనక వీధిలోనే, వేపచెట్టున్న పాత ఇల్లు. తొమ్మిదేళ్లబట్టి ఆయన వీసా మీదే ఉన్నాను. తొమ్మిదా, పదా? మీ అక్క పెళ్లయిన యేడు చేరాను, అంటే పదే. పగలంతా అక్కడ వంటా ఇల్లూ చూసుకుని, పడుకోడానికి ఈ గదికొస్తాను. నేనొచ్చిన కొత్తలో ఇక్కడ రెండొందల దిర్హాములకి మంచం దొరికేది. ఇప్పుడా డబ్బుకి మంచం కింద చోటు కూడా ఇవ్వరు. సరే, ఏం చెప్తున్నానూ? ఆ, సారు.

ఆయన ట్రంపెట్ వాయిస్తారు. పెళ్లి బ్యాండులో ముందు నడిచేవాడు బుగ్గలు పూరించి ఊదుతాడు చూడు, అదే. నేను బాకా అంటాను, ఆయన నవ్వుతారు. అయితే ఆయన వాయించేవి పెళ్లిపాటలు కావు. జాజ్ అంటారు. అంటే ఏంటని ఒకసారి అడిగితే ఓపిగ్గా చెప్పారు. నాకర్థమైంది ఏంటంటే, మన హరికథ దాసుగారు కథ చెప్తూ చెప్తూ పక్కకెళ్లి ఓ పిట్టకథ ఎత్తుకుంటాడా, అందులోంచి ఇంకో చమత్కారంలోకి పోతాడా, ఇక తిరిగిరాడు అనుకునేసరికి సరిగ్గా వదిలిన చోటికే వచ్చి చిడతలు కొడతాడు. అలాగన్నమాట. పాట ఒక్కటే, దారి మాత్రం ఏ రోజుకారోజు వేరు. "నిన్న వాయించినట్టే ఇవాళా వాయిస్తే అది జాజ్ కాదు సత్యా" అంటారు.

చిన్నప్పుడు చర్చి బడిలో పాదిరీగారు నేర్పారంట. పద్దెనిమిదేళ్లకే బొంబాయి హోటళ్లలో వాయించారు. అమెరికా నల్లవాళ్ల రికార్డులు ఓడల మీద వచ్చేవంట. కొనే స్తోమత లేక ఒక్కటే రికార్డు నలుగురు కలిసి కొనుక్కుని, ముల్లు వెనక్కి పెట్టీ పెట్టీ ఒక్కో ముక్కా నేర్చుకున్నారంట. ఆ తర్వాత దుబాయ్. ఇక్కడ హోటళ్లలో ముప్పై యేళ్లు వాయించారు. ఇప్పుడు ఇక్కడ పేరున్న వాయించేవాళ్లలో సగం మంది ఆయన ముందు కూర్చుని నేర్చుకున్నవాళ్లే.

ఇంత చేసి, ఆయనకంటూ రికార్డులెన్నో తెలుసా? ఒక్కటి. బొంబాయిలో కుర్రతనంలో చేసింది, అటోపాట ఇటోపాట. మిగతావి హోటల్లో శిష్యులు పట్టిన క్యాసెట్లు. వాటిలో గ్లాసుల చప్పుడూ జనం నవ్వులే ఎక్కువ. ఇక ఆయన పాడింది ఒక్కచోట కూడా లేదు. పాడటం రాక కాదు సుమా. వంటింట్లోకి టీ కోసం వచ్చినప్పుడు పాడేవారు. తిరగలి తిప్పినట్టు గరగరలాడే గొంతు, అయినా వింటుంటే పోపు మాడిపోతున్నా తెలిసేది కాదు. శిష్యులు రికార్డు చేస్తామని బతిమాలితే, "పాడటం నా భార్య పని, ఊదటం నా పని" అని కొట్టిపారేసేవారు. ఆవిడ పోయి అప్పటికే చాలా యేళ్లు.

కరోనా తగ్గిన యేడు ఆయన ముందు పళ్లు రెండు కదిలాయి. మనకైతే పళ్లు పోతే జంతికలు తినలేం, అంతే. ట్రంపెట్ ఊదేవాళ్లకి అలా కాదు. పెదవి వెనక పన్ను ఆసరా ఉండాలంట, అది లేకపోతే ఊపిరి ఉన్నా స్వరం నిలబడదంట. ఆదివారం తీసెయ్యాలన్నాడు డాక్టరు. శిష్యులంతా కూడబలుక్కుని, శుక్రవారం మీ ఇంట్లోనే రికార్డు చేసేద్దాం సార్ అన్నారు. ఆయన స్వయంగా కట్టిన పాట ఒకటుంది. దాన్ని ఆయన ఊదుతుండగా పట్టడానికి అదే ఆఖరి అవకాశమన్నమాట.

ఇక నా నిర్వాకం విను.

ముందురోజు, గురువారం మధ్యాహ్నం, సారు భోంచేసి పడుకున్నారు. నేను ఇల్లంతా తుడిచాను, దుప్పట్లు మార్చాను. హాల్లో ఉన్న పెట్టె మీద దుమ్ము దులిపి మూత తీస్తే, లోపల ఆ ట్రంపెట్. రంగు వెలిసి, వేళ్ల మరకలతో, అక్కడక్కడా నల్లబడి ఉంది. రేపు కెమెరాలూ మైకులూ పెట్టి పదిమంది చూస్తారు కదా, ఇదేం అవతారం అనిపించింది. మా అత్తగారు గురువారం గురువారం ఇత్తడి సామానంతా నా ముందు గుట్టపోసి, "నీ మొహం ఇందులో కనపడాలే పిల్లా" అనేది. ఆ చెయ్యి ఊరుకుంటుందా? నిమ్మకాయంత చింతపండు నానబెట్టాను. కల్లుప్పు వేశాను. పీచు పట్టుకుని సింకులో వేసి తోమాను. లోపల మాత్రం మురికెందుకుండాలని చింతపండు నీళ్లు గొట్టంలోకి కూడా పోశాను!

నవ్వకే. నువ్వైనా అదే చేసేదానివి.

కడిగి చూస్తే, దాని మీద ఏదో పూత ఉండేదంట, అది పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. సగం కుబుసం విడిచిన పాములా అయింది. పైన మూడు మీటలుంటాయి, వేళ్లతో నొక్కేవి. ఒక్కటీ దిగలేదు. లోపల చింతపండు పిప్పి ఇరుక్కుంది. నేనేం చేశాను? చపాతీ కర్ర తెచ్చి మూడో మీట నెత్తిన రెండు మొట్టాను. అది లోపలికి పోయి కూర్చుంది, మళ్లీ పైకి రాలేదు.

వంటింటి గడప మీద కూలబడ్డాను. ఆయనకిదే ఆఖరి అవకాశం, నేను దాని పీక పిసికేశాను. వీసా రద్దు చేసి పంపేస్తే? ఊళ్లో ఏం చెప్పుకోను, బాకా తోమానని చెప్పుకోనా? ఒక పాడు ఆలోచన కూడా వచ్చిందే. పెట్టెలో పెట్టి మూత వేసేద్దాం, రేపు వాళ్లే తీసి చూసుకుంటారు, పాతదైంది కదా చెడిపోయిందనుకుంటారు. పెట్టేశాను కూడా. గొళ్లెం పెట్టాను. పెట్టాక చేతులు ఎంత కడిగినా చింతపండు వాసన పోవట్లేదు.

ఆయన లేచి దగ్గేసరికి పెట్టె పట్టుకెళ్లి మంచం మీద పెట్టాను. "సార్, తప్పు చేశాను, మీరు చూడండి" అన్నాను.

తెరిచారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "సత్యా, దీంతో చారు పెట్టావా?" అన్నారు. నాకేడుపొచ్చేసింది. "ఏడుపు ఖలాస్. గోరువెచ్చటి నీళ్లు తే, పాత బనీను తే, యల్లా, త్వరగా" అని కేకేశారు. సాయంత్రం దాకా ఇద్దరం ఆ స్నానాలగదిలో కూర్చుని ముక్క ముక్కా విప్పాం. పిప్పి సన్నసన్న పోగులుగా వచ్చింది. నూనె వేసి వేసి, దీపాలు పెట్టే వేళకి రెండు మీటలు కదిలాయి. మూడోదాన్ని అవస్థపడి పైకి లాగారు గానీ, అది మళ్లీ కిందికి దిగనంది. చపాతీ కర్ర దెబ్బ కదా.

శుక్రవారం శిష్యులొచ్చి చూసి గుండెలు బాదుకున్నారు. "నాది తీసుకోండి సార్, నాది తీసుకోండి" అని నలుగురు నాలుగు పెట్టెలు తెరిచారు. ఆయన మొండిమనిషి. "పెళ్లిరోజున పెళ్లాన్ని మార్చుకుంటారట్రా?" అన్నారు. రెండు మీటలతోనే మొదలెట్టారు. నేను వంటింటి తలుపు వెనక నిలబడి మొక్కుకోని దేవుడు లేడు.

బాగానే పోతోంది. పోతూ పోతూ ఒకచోట మూడో మీట లేనిదే పలకని స్వరం వచ్చింది. ఆగిపోతారనుకున్నాను. ఆగలేదు. ట్రంపెట్ దించి, ఆ ఒక్క స్వరాన్నీ నోటితో పాడేసి, మళ్లీ ఎత్తి ఊదారు. తర్వాత ఇంకోచోట అలాగే. మూడోసారి దించినప్పుడు ఒక స్వరంతో ఊరుకోలేదమ్మా, ఆ పాటంతా పాడేశారు. ఆ తిరగలి గొంతుతోనే, వంటింట్లో పాడినట్టే. శిష్యుల్లో ఒకాయన మైకు పట్టుకునే ఏడుస్తున్నాడు. ఎన్నేళ్లు బతిమాలారో పాపం.

ఆదివారం పళ్లు తీయించుకొచ్చారు. మళ్లీ ఊదలేదు. ఇప్పుడు నేర్పుతారు, పొద్దస్తమానం పాడతారు. కట్టుడుపళ్లు తీసేసి మరీ పాడతారు. నా వీసా ఆ తర్వాత రెండుసార్లు కొత్తది చేయించారు కూడా.

ఇంతకీ అసలు ముచ్చట ఇది. ఆ రికార్డు ఫోన్లలో ఎక్కడెక్కడికో పోయింది. మొన్నామధ్య ఒక ఫిలిప్పీను అమ్మాయి నేర్చుకోడానికొచ్చి, సారు కట్టిన ఆ పాటే వాయించి చూపించింది. సరిగ్గా ఆ రెండు చోట్లా ట్రంపెట్ దించి పాడింది! "నీ మీటలు మూడూ బాగానే ఉన్నాయిగా, ఎందుకు దించావమ్మా?" అని సారు అడిగారు. "అది మీ పద్ధతి కదా సార్, మేమంతా అలాగే నేర్చుకుంటున్నాం" అంది. ఆయన నా వైపు చూసి, "అవునమ్మా, చాలా కష్టపడి కనిపెట్టిన పద్ధతి" అన్నారు. నేను టీ కప్పులు పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను, నవ్వాగక.

అలా చూస్తావేంటే? పాడు చేస్తే మేలే జరుగుతుందని చెప్పట్లేదు. మూడో మీట ఇవాళ్టికీ దిగదు. కానీ నేనా గొళ్లెం తియ్యకుండా ఊరుకుని ఉంటే, శుక్రవారం అందరి ముందూ తెరిచేవారు, మూడు మీటలూ బిగుసుకునే ఉండేవి. ఆ రెండైనా కదిలాయంటే, చేతిలో ఒక సాయంత్రం మిగిలింది కాబట్టి.

నీ చేతిలోంచీ ఏదో ఒకటి జారుతుంది, జారని చెయ్యంటూ లేదు. జారిన పూటే వెళ్లి చెప్పు. అరిస్తే అరవనీ, అరుపు గాజుముక్కలా గుచ్చుకోదులే. మంచి మనుషులున్న ఇల్లు దొరకాలి నీకు. నీ చెయ్యి చల్లగా ఉండాలి, నీ మాట నిలబడాలి, నా తల్లే... ఇంక లే, గదిలో పడుకున్నవాళ్లూ లేచినట్టున్నారు...