బావ ఎక్కని బండి

బావమరిది తన కొత్త టూరింగ్ బండిని వాకిట్లో నిలిపి స్నానానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి బావ పక్కనే కూర్చుని, అదే బండి పాత మోడల్‌ని, తన సొంతదాన్ని, రంగు ఊడొచ్చేలా తుడుస్తున్నాడు.

"ఎలా ఉంది బావా? మోడల్ మొత్తం మార్చేశారు."

"మార్చలేదు, చెడగొట్టారు. ఆ ట్యాంకు చూడు, పన్ను నొప్పికి వాచిన దవడలా ఉంది."

"సీటు మాత్రం హాయిగా ఉంది. ఎంత దూరం వెళ్లినా నడుం లాగదు."

"నడుం లాగకపోతే ఊరెళ్లొచ్చినట్టు ఎలా తెలుస్తుంది?"

"అక్కకి బాగా నచ్చిందట."

"మీ అక్కకి పక్కింటి గోడ కూడా నచ్చుతుంది."

"పోనీ, ఒక్కసారి ఎక్కి చూడరాదూ?"

"నేనా? ఊరికే ఇచ్చినా కాలు వెయ్యను."

బావమరిది నవ్వుకుంటూ బండెక్కి కూర్చున్నాడు. అటూ ఇటూ చూశాడు.

"ఇదేంటి బావా, అద్దాల్లో వెనక రోడ్డు కనబడట్లేదు, నేల కనబడుతోంది! ఎవరో పొట్టివాళ్లు ఎక్కి, వాళ్ల ఎత్తుకి తిప్పుకున్నారు."

బావ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"మీ అక్కేమో."

"అక్క నీకంటే జానెడు పొడుగు కదా!"

బావ గుడ్డని పాత బండి మీద పడేశాడు. తర్వాత విసురుగా చెయ్యి చాపాడు.

"తాళం లేకుండా ఊరికే కూర్చుంటే ఏం తెలుస్తుంది? ఇటియ్యి!"